మనుషుల్లేని ఊరికొచ్చిన ఉత్తరం

మా సెపో ఇమసికు చదువుకున్నవాడే, కాదనను. బుర్ర మాత్రం ఇంట్లో మర్చిపోయి ఆఫీసుకెళ్తాడు. వాడి తాతా నేనూ రాజుగారి పడవలో పక్కపక్కన తెడ్డు వేసినవాళ్లం. ఆ వంశంలో ఇలాంటి దద్దమ్మ పుడతాడని ఎవరనుకున్నారు!

పశ్చిమ ప్రావిన్సు మొత్తం గురించి పుస్తకం రాయమన్నారట వాణ్ణి సర్కారువాళ్లు. నదులెక్కడ, ఊళ్లెన్ని, ఎవరి పాలన ఎంతవరకు, పశువులెన్ని, చేపలెన్ని, అన్నీ. ఏప్రిల్లో మోటారు పడవేసుకుని మైదానంలో దిబ్బ మీదున్న మా ఊరికి వచ్చాడు. జాంబెజీ నది పొంగి గుమ్మాల్లోకి నీళ్లొచ్చే కాలం. ఏటా లాగే మేం అప్పటికే గొడ్డూగోదాతో గట్టు మీది ఊరికి వెళ్లిపోయాం. 'నిర్మానుష్యం' అని రాసుకున్నాడు. ఆగస్టులో జీపేసుకుని గట్టు ఊరికొచ్చాడు. వరద తీసేసింది కదా, మేం మళ్లీ దిబ్బ మీద ఉన్నాం. 'ఇదీ నిర్మానుష్యం' అని రాసుకున్నాడు. వేలెడంత లేని పిల్లకైనా తెలిసిన సంగతి ఈ పెద్దమనిషికి తెలీలేదు, థూ!

నవంబర్లో ఆర్డరొచ్చింది. మనుషుల్లేని ఊరికి బడెందుకు, నమకౌ టీచరమ్మని బదిలీ చేశాం అని. నలభై ముగ్గురు పిల్లలకి ఆవిడొక్కతే దిక్కు. నా మనవరాలు వచ్చే ఏడు ఏడో తరగతి పరీక్ష రాయాలి. మా ఊళ్లో అంతదాకా వచ్చిన మొదటి పిల్ల అది. ఊరి పెద్దని నేనే కాబట్టి పట్నంలో సెపో ఆఫీసుకి వెళ్లాను.

మా ఆచారం ప్రకారం పెద్దవాణ్ణి చూసి మోకరిల్లి చప్పట్లు కొట్టాలా, కుర్చీలోంచి కదల్లేదు వాడు.

"తాతా, ఫారంలో ఊరికి గడి ఒకటే. మీరు రెండు చోట్ల ఉంటే నేనేం చెయ్యను?"

వాడి వెనకే గోడకి రాజుగారి పడవ ఫొటో. "అదేంట్రా?" అన్నాను.

"తెలీనట్టు అడుగుతావేంటి? వరదకి రాజుగారు కింది కోట నుంచి పై కోటకి తరలడం."

"అయితే ఏప్రిల్లో కింది కోట చూడు, ఆగస్టులో పై కోట చూడు. రాజుగారు కూడా లేరని రాయరా, దమ్ముంటే!"

వాడు గబుక్కున పెన్నందుకున్నాడు. అప్పటికప్పుడు రెండో గడి గీశాడు, రాజుగారికి మాత్రమే. "మీ కాగితం పైకి వెళ్లిపోయింది తాతా. నా చేతుల్లో లేదు."

"నీ చేతుల్లో ఎప్పుడేం ఉంది గనక!" అనేసి వచ్చేశాను.

ఫిబ్రవరిలో దిబ్బ చుట్టూ నీళ్లు కమ్ముకున్నాయి. చేపల బేరగాడి పడవలో ఉత్తరమొచ్చింది. టీచరమ్మే చదివింది. 'ఊరి పెద్దకు. టీచరును సామానుతో సహా పట్నం చేర్చుటకు ఒక పడవను, నలుగురు తెడ్డువాళ్లను పంపవలెను.' కింద మా సెపో సంతకం.

ఆవిడ ఉత్తరం మడిచి నా వైపు తిరిగింది. "వెళ్లాలా, పెద్దయ్యా?"

"నీకు వెళ్లాలనుందా అమ్మా?"

"లేదు. జీతం ఆపేస్తారేమో."

"ఆపనీ. సంకటీ చేపలూ మా పూచీ. కాగితం తియ్యి, చెప్తా రాయి."

'అయ్యా, తమరు రాసింది అక్షరాలా నిజం. ఈ ఊళ్లో మనుషుల్లేరు. కాబట్టి తెడ్డు వేసేవాడూ లేడు, తమరి ఉత్తరం అందుకున్నవాడూ లేడు.'

"సంతకం?" అంది.

"ఎవరూ లేరుగా, ఎవరు పెడతారు?"

ఆవిడ పకపకా నవ్వింది. కాగితం మడిచి బేరగాడి చేతిలో పెట్టి, సుద్దముక్క తీసుకుని బడిలోకి నడిచింది. నా మనవరాలు అప్పటికే గంట కొట్టేసింది.