కమాను కట్టల మీద కోరం

డెల్మర్ క్విస్ట్‌కు అరవై ఎనిమిదేళ్లు. చేతులకు పదివేళ్లూ ఉన్నాయి. పాత కారు పైకప్పు కోసి పొట్టి చేసి, అందులో పెద్ద ఇంజిన్ దించి దుమ్ము లేపే ముసలివాళ్లలో, నెబ్రాస్కా మొత్తానికి, అది చెప్పుకోదగ్గ విశేషమే. జాకీని నమ్మినవాడూ, వాడేసిన బోల్టుని నమ్మినవాడూ బాగుపడరని అతని సిద్ధాంతం.

1931 నాటి తన కారుకు వెనక కమాను కట్టలు, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగులు, బిగించడానికి అతనికి వారం పట్టింది. చట్రాన్ని స్టాండ్ల మీద నిలబెట్టాడు, ఇరుసు కింద వేరే ఆసరా పెట్టాడు. కట్ట నడిమి బోల్టు తల ఇరుసు మీది చిల్లులో కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకున్నాడు. కొత్త యూ ఆకారపు బోల్టులు తెచ్చి, ఈ మూల కొంచెం ఆ మూల కొంచెం బిగిస్తూ వచ్చాడు. ఇక మిగిలినవి కట్టల చివర్లలో రబ్బరు బుష్‌ల గుండా పోయే ఆరు బోల్టులు. వాటిని బండి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరుగుతుంది.

అందుకని శనివారం పొద్దున కారును కిందికి దించి, షెడ్డులో వాళ్ల నాన్న తవ్వించిన గొయ్యి మీదికి నడిపించి, నాలుగు చక్రాలకూ దుంగలు అడ్డం పెట్టాడు. మరొకడైతే అక్కడితో తృప్తిపడేవాడు. డెల్మర్ మాత్రం ఊళ్లో పాత కార్ల ఊరేగింపు రోజున వెనక సీటులో ముగ్గురు కూర్చుంటారు కాబట్టి ఆ ముగ్గురి బరువూ ఇప్పుడే ఉండాలన్నాడు.

"గోధుమ బస్తాలు పెట్టుకో," అంది భార్య ఆర్డిస్.

"బస్తాలు పడి ఉంటాయే, కూర్చోవు."

ఊళ్లో తగిన బరువున్నవాళ్లు ఇద్దరే: స్కూల్లో వంట చేసి రిటైరైన బెర్నిస్, ధాన్యం గోదాము చూసుకునే వెండెల్. ఇద్దరూ ఊరి బోర్డు సభ్యులు, డెల్మర్‌లాగే. వేసవి నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. గొడవ మధ్యాహ్నం పన్నెండింటికి మోగే ఊరి సైరన్ గురించి. పాత అలవాటుకొద్దీ తెల్లవారుజామున మూడింటికే లేచే బెర్నిస్ మధ్యాహ్నపు కునుకును అది చెడగొడుతోంది. వెండెల్ కూలీలకు అదే భోజనం పిలుపు. ఒకరు వస్తే రెండోవారు సభకు రారు. ఒక్కరే ఉంటే వాళ్ల పక్షం వహించినట్టవుతుందని క్షవరాలు చేసే లైల్, నాలుగో సభ్యుడు, రాడు. ఐదో సభ్యుడు అరిజోనాలో ఉన్నాడు. మూడు నెలలుగా కోరం లేదు.

డెల్మర్ ఆ ఇద్దరినీ, మూడో మనిషిగా లైల్‌నీ, ఒకరి సంగతి ఒకరికి చెప్పకుండా పిలిచాడు. ఆర్డిస్ ఒక్కొక్కరి చేతిలో చిల్లీ అనే కారపు మాంసం కూర గిన్నె, తియ్యటి దాల్చినచెక్క రోల్ పెట్టి కారెక్కించింది. ఎదుటివాళ్లను చూశాక దిగిపోతే ఓడిపోయినట్టేనని ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారు. మధ్యలో లైల్ నలిగాడు.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు డెల్మర్ గోతిలోంచి. "తుమ్మొస్తే ముందే చెప్పండి."

అప్పుడే బోర్డు గుమాస్తా ఫిలిస్ రోల్స్ కోసం డబ్బా పట్టుకొచ్చింది. కారులోకి తొంగి చూసింది. ముగ్గురు. వంగి గోతిలోకి చూసింది. నలుగురు.

"జూలై సభ ఇంకా ముగియలేదు," అంది, సంచిలోంచి మినిట్స్ పుస్తకం తీస్తూ. "కోరం లేక రోజురోజుకీ వాయిదా వేసుకుంటూ వస్తున్నా. ఇప్పుడు మొదలుపెడుతున్నాం."

"నేను నేల కింద ఉన్నాను, ఫిలిస్."

"మాట వినబడుతోందిగా. సభ్యులు డెల్మర్ గారు హాజరు."

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. డెల్మర్ గోతిలోనే ఉన్నాడు. సైరన్ విషయంలో తన ఓటు ఎవరికి పడినా రెండోవారు దిగిపోతారు, కారు ఒక పక్కకి లేస్తుంది.

"సైరన్ సంగతి ఆరో బోల్టుకి," అన్నాడు. "అందాకా మిగతావి కానివ్వు."

మొదటి బోల్టుతో శ్మశానానికి గడ్డికోత యంత్రం మంజూరైంది. రెండోదానితో గ్రంథాలయం కప్పు. ఎడమ పక్క మూడోది బిగిసేసరికి, ఊరి కుక్కలన్నిటికీ పట్టీలుండాలని తీర్మానం అయింది. మోరీల మీద వెండెల్ ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు డెల్మర్, "నువ్వు ఊపిరి పీల్చినప్పుడల్లా పానా జారుతోంది."

"వినబడిందా?" అంది బెర్నిస్, వెండెల్‌తో కాదు, లైల్‌తో.

"నేను మధ్యలో ఉన్నాను," అన్నాడు లైల్.

ఆరో బోల్టు మీద పానా పెట్టగానే సైరన్ మోగింది. పన్నెండైంది. బెర్నిస్ ఎగిరిపడింది. పొట్టి చేసిన పైకప్పు ఆమె నెత్తికి తగిలింది. ఆమె గిన్నెలోని చిల్లీ లైల్‌ని దాటి వెండెల్ ఒళ్లో పడింది. కమాను కట్టలు రెండుసార్లు ఊగి, చప్పుడు లేకుండా నిలిచాయి. పానా వెనక్కి లాక్కుని డెల్మర్ ఆ ఊపునే చూస్తూ నిలబడ్డాడు. వారంలో అంత సంతోషం అతనికి కలగలేదు.

సైరన్ ఆగాక వెండెల్ కాసేపు తన ప్యాంటు చూసుకున్నాడు.

"చాలా వేడిగా ఉంది," అన్నాడు.

"చిల్లీ వేడిగానే ఉండాలి," అంది బెర్నిస్. జూన్ తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. తన చేతిగుడ్డ ఇచ్చింది. "కదలకుండా తుడుచుకో. వాడు కింద ఉన్నాడు."

వెండెల్ కదలకుండా తుడుచుకున్నాడు. "ఫిలిస్, ఆ సైరన్ తీసెయ్యమని రాసుకో. గోదాము దగ్గర గంట కొట్టించుకుంటాను."

నాలుగు చేతులు లేచాయి. ఒకటి గోతిలోంచి, నూనె కారుతూ. లైల్ చెయ్యెత్తడం బోర్డు చరిత్రలో అదే మొదలని ఫిలిస్ రాసుకుంది. ఆరో బోల్టు టక్కుమన్నాకే డెల్మర్ సభ ముగించనిచ్చాడు.

గోతిలోంచి ఎక్కి వచ్చి రెండు పక్కలా ఎత్తు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"దిగొచ్చా?" అన్నాడు లైల్.

"దిగడమెందుకు?" డెల్మర్ దుంగలు తీసి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఆర్డిస్ షెడ్డు తలుపు తెరిచి పట్టుకుంది. కారు రైలుపట్టాలు దాటినప్పుడు వెనక నుంచి కిర్రుమన్న శబ్దమేదీ రాలేదు. చిల్లీలో చిక్కుడు గింజలు వెయ్యొచ్చా కూడదా అని బెర్నిస్, వెండెల్ తగువాడుకుంటున్న శబ్దం తప్ప.