స్టాపు లేని మలుపు

బస్సు చౌటుప్పల్ దాటకముందే దశరథం ప్రయాణికులనడిగి పన్నెండు సర్వే కాగితాలు నింపాడు. సీట్లకు మూడు మార్కులు, శుభ్రతకు రెండు, సమయానికి రెండు. కండక్టర్ ప్రవర్తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే మాట.

"అయిదు రాయి. ఆరుంటే ఆరు రాయి."

రాసినప్పుడల్లా అతని కడుపు మండేది. ఒకప్పుడు కండక్టర్ ఉద్యోగానికి పోతే ఎత్తు వేలెడు తక్కువన్నారు. ఇప్పుడు నలభై ఏడేళ్లు, మెడలో సర్వే కార్డు, కాళ్లకు అరిగిన ప్లాస్టిక్ చెప్పులు. పక్కన నిలబడితే ముఖం తిప్పుకునే ఈ జనమే కండక్టర్ మల్లికకు జామకాయలిస్తారు, బిడ్డల పెళ్లిళ్లకు పిలుస్తారు. అతణ్ని మాత్రం "కాయితాలాయన" అంటారు.

మందుల కంపెనీ మలుపులో మల్లిక "హోల్డాన్!" అని కేకేసి బస్సాపించింది. అక్కడ స్టాపు లేదు. అసలు స్టాపు అర కిలోమీటరు అవతల.

"దశరథమన్నా, జర జరుగు. అవ్వలు దిగుతున్నరు. నీ కాయితాలు యాడికి పోవు తియ్!"

బస్సంతా నవ్వింది. అతని పేరు తెలిసింది ఆమెకొక్కదానికే. అదీ అతనికి ముల్లే అయింది. 'స్టాపు లేని చోట ఆపుట' గడిలో టిక్కు పెట్టాడు. నెలరోజులుగా రోజూ పెడుతున్నాడు. అబద్ధమైతే కాదు కదా.

మధ్యాహ్నం బస్టాండులో మల్లిక చేతికి ఒక ఉత్తర్వు వచ్చింది. టికెట్ మిషన్‌ను విజేందర్ అనే కొత్త కండక్టర్‌కు అప్పగించింది.

"దూరం రూటుకేసిన్రన్నా. ఎవరో టిక్కులు పెట్టిన్రట."

అతని చేతిలోని కాగితాల కట్టను చూసింది. సంచీ భుజానేసుకుని పోయింది.

రెండు గంటల ట్రిప్పు దశరథం ఆత్రంగా ఎక్కాడు. ఇక అయిదులుండవు. మలుపు రాగానే కంపెనీలో ఊడ్చే గుర్వమ్మ లేచి నిలబడింది.

"ఆపు బిడ్డా, మోకాళ్లు గుంజుతున్నయి."

"స్టాపు లేదమ్మా. ఆపితే గాయన రాస్తడు," విజేందర్ దశరథాన్ని చూపించాడు.

బస్సంతా అతనివైపు తిరిగింది. దశరథం తడబడి, కాగితంలో ఉన్న ప్రశ్నే అడిగాడు.

"కండక్టర్‌కు ఎన్ని మార్కులవ్వా?"

"మల్లికకు అయిదు."

"ఆమె లేదు కదా."

"లేకుంటేంది? రాయి."

గుర్వమ్మ కొంగు చాటునుంచి ఒక సీసా తీసింది. మల్లిక కోసం ఇంట్లో చిలికి తెచ్చిన చల్ల. తనకిస్తుందేమోనని దశరథం చెయ్యి సగం లేచింది. ఆమె దాన్ని కండక్టర్ సీటు మీద పెట్టి, మలుపు దాటాక అసలు స్టాపులో దిగి, వచ్చిన దారినే వెనక్కి కుంటుకుంటూ నడిచింది.

విజేందర్ ఆ సీట్లో కూర్చోలేదు. రెగ్జిన్ మీద చల్ల సీసా, ఒళ్లంతా చెమట పట్టి, అడుగున చిన్న తడి మడుగు కడుతూ ఉంది.