ప్రాణమున్న మనిషికి జాగా

నూలు చుట్టే కండెల మిషన్ ముందు కూర్చున్న నర్మద తెగిన పోగును వేళ్లతో అందుకుని, చూడకుండానే ముడివేసింది. ఇరవై ఆరేళ్లుగా వేస్తున్న ముడి. చూపుడువేలి కొసన పోగు కోసిన గీత ఒకటి ఎన్నడూ మానకుండా అలాగే ఉండిపోయింది. పక్క షెడ్డులో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, దడదడలాడుతున్నాయి. ఆ చప్పుడులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేరు. ఇవాళ అది ఆమెకు మేలే అయింది.

ఇంటి ఓనరు కిష్టవ్వ పొద్దున్నే చెప్పాల్సింది చెప్పేసింది. వాకిలి ఊడుస్తున్న నర్మదను ఆపి, సరిగ్గా కిటికీ పక్కన నిలబడి మరీ చెప్పింది. కిటికీ లోపల నర్మద పెనిమిటి హనుమంతు పడుకుని ఉన్నాడు. కరీంనగర్ దవాఖాన నుంచి తెచ్చి ఐదు రోజులైంది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్న డాక్టరు, ఏ ఇంటికో మాత్రం చెప్పలేదు.

"నేను పాపిష్టిదాన్ని గాదు నర్మదా. గని కిరాయింట్ల పాణం పోతే ఆ అర్ర ఆర్నెల్లు మూసిపెట్టాలె. ఎన్క ఎవలు దిగుతరు? నీకు దండం పెడుత, ఆయన్ను ఎటన్న తీస్కపో. లేకుంటే అర్ర ఖాళీ చెయ్యి."

కిష్టవ్వ చెడ్డమనిషేమీ కాదు. నిన్ననే హనుమంతుకు జావ కాచి పంపింది. అందుకే నర్మదకు ఆమె మీద సరిగ్గా కోపం కూడా రాలేదు. అయినా ఈ వాడలో ఇది కొత్త సంగతా! సొంతిల్లు లేని నేతపనివాళ్ల శవాలు బజార్లో టెంటు కింద ఉండటం నర్మద ఎన్నిసార్లు చూడలేదు! చూసి, అయ్యో అనుకుని, ఇంటికెళ్లి అన్నం తిన్నది.

పెళ్లయ్యాక ఏడు కిరాయి గదులు మారారు. పిల్లలు నిలవలేదు. హనుమంతు పన్నెండు గంటలు నాలుగు సాంచెలు నడిపి వచ్చేవాడు. చెవుల్లో ఆ హోరు తగ్గక, ఉప్పు కావాలన్నా కేకవేసి అడిగేవాడు. ఇరుగుపొరుగు అది కొట్లాట అనుకునేవారు. ఇప్పుడా గొంతు మంచినీళ్లు అడగడానికి కూడా చాలడం లేదు.

పదింటికి షెడ్డు యజమాని ఆసామికి చెప్పి బయటపడింది. ముందు ఆఫీసుకు పోయి సర్కారు ఇళ్ల సంగతి కనుక్కుంది. లాటరీలో పేరు రాలేదట, మళ్లీ ఎప్పుడు తీస్తారో తెలియదట. అక్కడి నుంచే జమ్మికుంటలో ఉన్న మరిదికి ఫోను చేసింది. కొత్తింట్లో దిగి ఏడాది కాలేదని, ఆ ఇంట్లో అశుభం జరగరాదని అతను ఏడుస్తూ చెప్పాడు. ఏడ్చేవాణ్ని ఏం బతిమాలుతుంది? ఫోను పెట్టేసి కులసంఘం భవనానికి నడిచింది. సంఘం పెద్దమనిషి కుర్చీ వేయించి, నీళ్లు తెప్పించి, అంతా విన్నాడు.

"పోయినంక ఫోన్ కొట్టు చెల్లె. టెంటు, పాడె, మంది, అన్నీ సంఘమే సూసుకుంటది. గని పాణమున్న మనిషిని ఈడ ఎట్ల పండవెడుతం? ఇయ్యాల్నా, పదొద్దులకా, ఎవలు చెప్తరు?"

బతికున్నవాడికి కిష్టవ్వ గది ఉంది. పోయినవాడికి సంఘం టెంటు ఉంది. పోతున్నవాడికి ఇంత ఊళ్లో చాపెడు జాగా లేదు. నర్మదకు నవ్వొచ్చింది. అంతలోనే తన నవ్వుకు తనకే భయం వేసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి రెండు చెంచాల జావ పట్టించింది. మూడోది పెదవి పక్క నుంచి జారిపోయింది.

"ఏమన్నరు?" అన్నాడు హనుమంతు. పొద్దున కిటికీ పక్క మాటలన్నీ విన్నాడన్నమాట.

"అర్రకేం గాదు. నువ్వు ఫికర్ చెయ్యకు."

అతను దిండు మీద తల తిప్పి తలుపు వైపు చూశాడు. పోయేటప్పుడు తలుపుకు గడియ పెట్టొద్దన్నాడు, గాలాడటం లేదట. కండెలు అందకపోతే సాంచె ఆగిపోతుంది. తలుపు దగ్గరకు వేసి ఆమె మళ్లీ షెడ్డుకు వెళ్లిపోయింది.

నాలుగింటికి ఎవరో షెడ్డు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపారు. చప్పుడులో మాట వినబడలేదు, అయినా అర్థమైంది.

కిష్టవ్వ ఇంటి గేటు బయట, సందు అవతల, కరెంటు స్తంభానికి వీపు ఆనించి హనుమంతు కూర్చున్నాడు. తల పక్కకు వాలింది. ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. మోకాళ్లు, మోచేతులు గీరుకుపోయి మట్టి అంటుకుని ఉన్నాయి. పక్క మీద ఒత్తిగిలడానికి కూడా సాయం కావాల్సిన మనిషి, గది లోపలి నుంచి అంతదూరం పాకి వచ్చాడు. నర్మద అతని చెంప మీద చెయ్యి వేసింది. ఊపిరి లేదు, చెంప ఇంకా వెచ్చగానే ఉంది.

కిష్టవ్వ గేటు పట్టుకుని వెక్కుతోంది. "నేను సూడలే బిడ్డా. నీ అర్ర నీకే ఉంటది. పదకొండొద్దుల కర్మ కానిచ్చుకొని రా." ఏడుస్తూనే చెంబులోని పసుపునీళ్లు గడప మీద చల్లింది.

గది మిగిలింది. పొద్దుటి నుంచి ఆమె తిరిగింది గదికోసమే అనుకుని, అది దక్కించి వెళ్లిపోయాడు. తను తిరిగింది అతనికోసం. ఆ ఒక్క మాట మధ్యాహ్నం చెప్పి ఉంటే ఎంతసేపు పట్టేది?

సంఘానికి ఫోను చేసింది. టెంటు బండి బయల్దేరిందన్నారు. ముఖానికి కప్పడానికి గుడ్డ కావాలి, కానీ మైల మనిషి ఇప్పుడు లోపలికి వెళ్లకూడదు. కిష్టవ్వ తన కొంగు చించి ఇచ్చింది.

నర్మద గేటు బయటే నిలబడి లోపలికి చూసింది. బార్లా తెరిచిన తలుపులోంచి, గోడవారగా, పనికి పోయేవాడు మడిచి పెట్టినట్టు నాలుగంచులూ కలిపి పెట్టిన బొంత, దాని మీద దిండు.