నాలుగో రాయి

నేను ఒక భూతద్దాన్ని. పేరు చూసి పెద్దదాన్ననుకునేరు, కోటు గుండీ కన్నా కాస్త పెద్దగా ఉంటాను, అంతే. అంబాలాలో ఒక ఇరుకు కార్ఖానాలో నన్ను సానబట్టి ఇత్తడి చట్రంలో బిగించారు. మొదట నన్ను కొన్న భూగర్భశాస్త్రం మాస్టారు పదేళ్లపాటు సొరుగులోనే ఉంచారు. పాఠం చెప్పడానికి రాళ్లతో పనేమిటని ఆయన అభిప్రాయం. రిటైరయ్యే రోజు సొరుగు ఖాళీ చేస్తూ, ఎదురుగా కనబడిన విద్యార్థిని చేతిలో పెట్టేశారు. ఆయన కొలువులో చేసిన మంచిపని అదొక్కటేనని ఒట్టేసి చెప్పగలను.

ఆ విద్యార్థిని పేరు హుస్సేనమ్మ. బేతంచెర్ల నాపరాయి గనుల్లో రాళ్లు చీల్చే ఖాసిం కూతురు. నన్ను నల్లదారానికి కట్టి మెళ్లో వేసుకుంది. ఖాసిం ఉలి పెట్టేముందు రాయిని నాలుకతో తడిపి చూసేవాడట. తడిస్తే పొరలూ పగుళ్లూ తేటగా కనబడతాయి. కూతురికీ అదే అలవాటైంది. డాక్టరేట్ వచ్చినా, లావారాళ్ల మీద వ్యాసాలు రాసినా, అనుమానం వస్తే ముందు నాలుక, తర్వాతే నేను. నాకేమీ చిన్నతనం అనిపించలేదు.

చంద్రుడి మీదికి వెళ్లే బృందంలోకి ఒక శాస్త్రవేత్త కావలసివచ్చింది. ఆఖరి పరీక్షలో బల్లమీద ఏడు రాళ్లు పెట్టి, ఏది ఏమిటో చెప్పమన్నారు. మూడింటిని హుస్సేనమ్మ చూపుతోనే చెప్పేసింది. నాలుగోది నల్లగా, అచ్చం లావారాయిలాగే ఉంది. దాన్ని తీసుకుని అలవాటుగా నాలుకతో తడిపింది.

కమిటీ పెద్ద సోమయాజులుగారి ముఖం చూడాలి మీరు.

"ఏమిటమ్మా అది? రాయిని ఎంగిలి చేశావు. రేపు చంద్రుణ్ణి కూడా ఎంగిలి చేస్తావా?"

మిగతావాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. హుస్సేనమ్మ మాత్రం నన్ను ఆ తడి మీద ఆనించి చూస్తూ ఉండిపోయింది.

తప్పయిందని కాగితం రాసిస్తే పరీక్ష కొనసాగిస్తామన్నారు. లేకపోతే ఇంటికి వెళ్లవచ్చన్నారు. పదకొండేళ్ల శ్రమ ఆ కాగితం దగ్గర ఆగింది. నేను వేలాడేది ఆమె గుండెల మీదే కనుక, ఆ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో నాకు తెలుసు. ఆమె కలం తీసుకుని ఒక్క వాక్యం రాసింది. సోమయాజులుగారు పైకి చదివారు. "నాలుగోది రాయి కాదు."

"నా నాలికకు సున్నం తగిలింది సార్. దీన్ని సిమెంటుతో పోత పోసినారు. మా నాయిన ఇట్లే చూసేవాడు. తప్పని నేను రాయను. పగలగొట్టి చూడండి."

సుత్తి తెప్పించి పగలగొట్టారు. లోపల ఇనుప తీగ బయటపడింది. ప్రదర్శన కోసం చేసిన నమూనా ఒకటి అసలు రాళ్లలో కలిసిపోయింది. అది లావారాయేనని జవాబుల కాగితం మీద కమిటీలో ముగ్గురు పొద్దున్నే సంతకాలు పెట్టి ఉన్నారు. ఆ తర్వాత ఎంగిలి మాట ఎవరూ ఎత్తలేదు.

ఆమె చంద్రుడి మీదికి వెళ్లివచ్చింది. గాజువస్తువునని నన్ను రానివ్వలేదు. పోనీ, నేనూ ఎవరినీ బతిమాలలేదు. ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. ఈ గది ప్రారంభోత్సవానికి సోమయాజులుగారు వచ్చి, ఆమె ప్రతిభను మొదట గుర్తించింది తానేనని ముప్పావుగంట మాట్లాడారు. నా అంచున ఆనాటి తడీ సిమెంటు పొడీ కలిసి ఎండి, బూడిదరంగు మరక ఒకటి మిగిలింది. దాన్ని చూసి మ్యూజియం అధికారి దూదీ స్పిరిటూ పట్టుకొచ్చాడు.

"తుడవాకండి సార్," అంది హుస్సేనమ్మ. "అది అట్లే ఉండనీండి."

ఉంది. దగ్గరికొచ్చి చూడండి. ఎంగిలే.