కుడి సీటు పాదం

అయోవాలో మా పరిశోధనా విమానం నాలుగు సీట్ల బుల్లిది. పైలట్ కళ్లు ఎటు తిరుగుతున్నాయో, గుండె ఎలా కొట్టుకుంటోందో, పెడళ్లను ఏ కాలు ఎంత బలంగా తొక్కిందో, అన్నీ పట్టేస్తుంది. కుడి సీట్లో కూర్చుని, ప్రమాదమనిపిస్తే విమానాన్ని నా చేతుల్లోకి తీసుకోవడం నా ఉద్యోగం. ఆ పొద్దున మాత్రం నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఎడమ సీట్లోకి ఎక్కింది నాకు ఎగరడం నేర్పిన ఎల్డన్ నోవోట్నీ మరి!

డెబ్భై దాటిన మనిషి. విమానాన్ని బాగా దింపుతున్నాడని మా యంత్రం అంటే ఎగురుతాడట, లేదంటే తన విమానం అమ్మేస్తాడట. కూతురికి మాటిచ్చి వచ్చాడు. ఈ మొండిఘటాన్ని ఆ మాట ఇవ్వమని ఎవరేడ్చారు!

"ఏం పిల్లా, పరీక్ష నాకా నీకా? అలా గిలగిల్లాడుతున్నావేం?"

"నోరు మూసుకుని బెల్టు పెట్టుకోండి సార్."

మొక్కజొన్న చేల మీంచి గాలి అడ్డంగా కొడుతోంది. అలాంటప్పుడు విమానం ముక్కు గాలి వైపు వంకరగా పెట్టి వస్తాం, నేల తాకేముందు కాలితో తిన్నగా చేస్తాం. ఆయన తొక్కడే! తొక్కండి మహానుభావా, అని లోపలే మొత్తుకున్నాను. "నాకివ్వండి" అని పైకి చెప్పి తీసుకోవాలి, అదీ పద్ధతి. చెప్తే ఆయన పని అయిపోయినట్టే. పైకి అనకుండానే నా పాదం నా వైపు పెడల్‌ను మెల్లగా నొక్కింది, రెండు సీట్ల పెడళ్లూ కలిసే కదులుతాయి. చక్రాలు నేలకు మెత్తగా తగిలాయి.

వెనక సీట్లో తెర మీద లెక్కలు చూసి రాసుకుంటున్న గ్రేటా గొణిగింది. "ఇదేంటి? ఎడమ సీటు పెడళ్ల మీద బరువే పడలేదు. కుడి సీటువి..."

నా ప్రాణం చచ్చిపోయింది. ముసలాయన నవ్వాడు.

"నా కాలికింద పెడల్ దానంతటదే కదిలితే తెలీదటే? నిన్ను మొదటిసారి ఒంటరిగా పంపేముందు నేనెలా కూర్చున్నాను?"

"కాళ్లు వెనక్కి ముడుచుకుని."

"నువ్వూ అలాగే కూర్చో. పద, మళ్లీ."

రెండోసారి కాళ్లు సీటు కిందికి లాక్కున్నాను. రన్‌వే వచ్చేస్తోంది, ముక్కు వంకరగానే ఉంది. ఆయన మోకాలు వణికింది, పాదం కదల్లేదు. ఇంకా కాస్త ఎత్తు ఉండగానే చేతులు పైకెత్తేశాడు.

"నువ్వు తీసుకో, జోలీన్."

"తీసుకున్నాను సార్."

దింపాను. ఏడుపు ఆగలేదు. ఆయన వెనక్కి తిరిగి గ్రేటాని అడిగాడు.

"ఈసారి కాలెవరిది?"

"జోలీన్‌దే."

"బాగా దింపింది. అది రాసుకో."