దులపని దిండు

తెల్లారగానే మిల్లు క్వార్టర్సులో ఆడవాళ్ళు దిండ్లు దులుపుతారు. మగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్ళ చెవుల్లోంచి ఏ శబ్దం జారిపోయినా అది రాత్రికి దిండులో చేరుతుంది. పొద్దున దులిపితే రాలి, ఒక్కసారి వినపడి మాయమవుతుంది. పిట్ట కూత, చెంచా చప్పుడు, ఎవరిదో ఈల. ఒకసారి రాలిందంటే మళ్ళీ ఆ చెవికెక్కదు.

"మీ ఆయనకి ఇవాళ అలారం మోత పోయినట్టుంది వదినా" అంటుంది పక్కింటావిడ.

"పోతే పోనీ. అది మోగితే మాత్రం ఏనాడు లేచాడు గనక!"

ఇద్దరూ నవ్వుకుని చీపుర్లు అందుకుంటారు. నవ్వు రానిదల్లా మిల్లు ఆస్పత్రి నర్సమ్మకే. ఆమె నాన్న ఆ షెడ్డులోనే మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పక్కన పిడుగు పడ్డా తిరిగి చూడడు. తమ్ముడు చిన్నోడు అదే షెడ్డులో మగ్గం మీదున్నాడు. వాడికి ఈమధ్యే కూతురు పుట్టింది. పాపకి మాటలొచ్చేలోపు వీడి చెవులు కాస్తా పోతాయేమోనని నర్సమ్మ బెంగ.

ఆ బెంగతోనే పరిశోధన మొదలుపెట్టింది. కార్మికుల్ని చడీచప్పుడూ లేని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, ఎవరికి ఏది వినపడుతోందో చూసేది. పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి దిండ్ల దగ్గర నిలబడేది. "మా దిండ్లేమన్నా పరీక్షలు రాస్తాయా తల్లీ" అని వేళాకోళం చేసినవాళ్ళే, పోనుపోను ఆమె వచ్చేదాకా దులపకుండా ఆగేవారు.

చెవుల్లో పెట్టుకోవడానికి మిల్లు అందరికీ స్పాంజి ప్లగ్గులు ఇచ్చింది. అందరూ పెట్టుకుంటున్నారు కూడా. అయినా దిండ్లు నిండుతూనే ఉన్నాయి. అందులోనూ ఎడమ చెవే ఎక్కువ దెబ్బతింటోంది. ఎంత తల బద్దలుకొట్టుకున్నా కారణం అంతుపట్టలేదు. ఆఖరికి ఒక షిఫ్టంతా షెడ్డులోనే నిలబడి చూసింది.

అప్పుడు దొరికింది గుట్టు. నేతగాళ్ళు కాసేపటికోసారి ఎడమ చెవి ప్లగ్గు పీకి, మగ్గం మీదికి తల వంచి వింటున్నారు. పోగు తెగబోయే ముందు మగ్గం మోత మారుతుంది. దాన్ని పట్టుకోవడమే వాళ్ళ పనితనం. ఆ కాసేపే చెవిని తినేస్తోంది.

ఆ పనితనం నేర్పింది ఎవరో కాదు, నాన్నే.

మరి చెవులు పోయాక కూడా నాన్న అన్నేళ్ళు ఎలా పనిచేశాడు? ఆలోచించగా ఆలోచించగా గుర్తొచ్చింది. చిన్నప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, ఆయన మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉండేవాడు. మోతతో పాటు చట్రం అదురూ మారుతుందన్నమాట! కొందరు నేతగాళ్ళని బతిమాలి, రెండు చెవులూ మూయించి, అరచేత్తో పని చేయించింది. పోగులు అంతకుముందులాగే చేతికి చిక్కాయి. వాళ్ళ దిండ్లు తేలికపడ్డాయి. నర్సమ్మ ఆ రోజు ఆస్పత్రి గది తలుపేసుకుని తనలో తనే చప్పట్లు కొట్టుకుంది.

ఇంటికెళ్ళి నాన్న ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా నిదానంగా అంతా చెప్పింది. ఎడమ చెవి సంగతీ దాచలేదు. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"పద. నేర్పింది నేనే, మాన్పించేదీ నేనే."

షిఫ్టు మారే వేళ మగ్గాలు ఆపి అందరూ చుట్టూ చేరారు. వింత చూడ్డానికి ఇళ్ళలోవాళ్ళూ వచ్చారు. మేస్త్రీ చట్రం మీద చెయ్యి ఎలా ఆనించాలో చూపించాడు. చిన్నోడు మొండికేశాడు.

"అరచేతికి చెవులుంటాయా అక్కా? నాన్న చెవితో వినే ఇంతవాడయ్యాడు. నేనూ అంతే."

అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. చంకలో ఒక పాత దిండుంది.

"మీ నాన్నది. ఇన్నేళ్ళూ అటక మీద పెట్టాను. ఇందులో ఎవరి గొంతుందో తెలిసి దులపడానికి చేతులు రాలేదు" అని, అక్కడే దులిపింది.

"నాన్నా! నాకు నర్సింగులో సీటొచ్చింది నాన్నా!"

నర్సమ్మ రెండు జడలేసుకున్న నాటి గొంతు. షెడ్డంతా ఆమె వైపు తిరిగింది. ఆ రోజు పరిగెత్తుకొచ్చి ఆ మాట చెబితే, నాన్న నవ్వి "తిన్నావా?" అన్నాడు, అంతే. తన చదువు నాన్నకి పట్టదని ఆమె ఎన్నేళ్ళో లోలోపల ఉడుక్కుంది.

"ఏం పడిందే?" అన్నాడు మేస్త్రీ అందరి మొహాలూ చూస్తూ.

నర్సమ్మ ఆయన ముందుకొచ్చి, అదే మాట మళ్ళీ చెప్పింది. ఆయన ఆమె పెదాల మీంచి చూపు తిప్పలేదు.

"సీటొచ్చిందా!" షెడ్డు కప్పు లేచిపోయేలా అరిచాడు. "ఇంత పెద్ద కబురు నాకొక్కడికే చెప్పలేదేం!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, "మా అమ్మాయికి సీటొచ్చింది" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు, ఆమె ఉద్యోగంలో చేరి ఎన్నేళ్ళయిందో అందరికీ తెలిసినా సరే.

చిన్నోడు మాత్రం నవ్వలేదు. ఆ గొంతు రాలిన చోటునే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ప్లగ్గులు నలిపి, అక్క నేర్పినట్టు చెవిని పైకి లాగి పట్టుకుని, రెండూ లోపలికంటా పెట్టుకున్నాడు. మగ్గాలు మొదలయ్యాక చట్రం మీద అరచెయ్యి ఆనించాడు. మిగతావాళ్ళూ ఆనించారు.

పాపకి మాటలొచ్చాయి. ఒక పొద్దున నర్సమ్మ చూస్తుండగా మరదలు వరండాలో చిన్నోడి దిండు దులిపింది. ఏమీ పడలేదు. తిరగేసి మళ్ళీ దులిపింది. దూది నలుసు తప్ప ఏమీ లేదు. లోపల్నించి పాప సన్నగా "నాన్నా" అంది. అటు తిరిగి పడుకున్న చిన్నోడు "ఆఁ తల్లీ, వస్తున్నా" అంటూ లేచాడు.

వాకిట్లో నిలబడ్డ మేస్త్రీ, ఏమైందన్నట్టు కూతురి వైపు చూశాడు. నర్సమ్మ ఖాళీ అరచేతులు చూపించింది. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం?

"ఏమీ పడలేదు! మా అమ్మాయి చేసిన పని! ఏమీ పడలేదు!" అని చివరింటిదాకా కేకలేసుకుంటూ వెళ్ళాడు.

వరండాల్లోంచి షెడ్డువాళ్ళు ఒక్కొక్కరే తలలు బయటపెట్టారు.

"వినపడుతోంది మేస్త్రీగారూ! మా అందరికీ వినపడుతోంది, మెల్లగా చెప్పండి!"