చదవనివి మాత్రమే

అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయని మూడు నెలలుగా చెబుతున్నాను. నలభై రెండేళ్లొచ్చాయి, కంప్యూటర్‌లో మెయిల్ తెరిస్తే కళ్ల నీళ్లు కారుతున్నాయి. "జర గా అక్షరాలు పెద్దగ చెయ్యరాదు?" అని అడిగితే మా ఆయన ఓంప్రకాశ్ ఫోన్ మీంచి తలెత్తలేదు. "అద్దాలు పెట్టుకో. దాంట్ల మాత్రం చెయ్యి పెట్టకు, అన్ని నేను సెట్ చేసిపెట్టిన" అన్నాడు.

చొప్పదండిలో మా ఇంటి వెనక షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లున్నాయి. వాటి మీద నేసే చీరల అంచులన్నీ నేనే గీస్తాను. పన్నెండేళ్లుగా, వంటకూ బట్టలకూ మధ్య దొరికిన టైములో, ముందుగదిలోని ఈ కంప్యూటర్ మీద గడి గడీ నింపుకుంటూ పువ్వులూ నెమళ్లూ గీసి, ఆ డిజైన్ ప్రకారం మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టేవాళ్లకు మెయిల్‌లో పంపుతాను. ఆ మెయిల్ ఐడీ ఓంప్రకాశ్ చేసిందే. ముందు తన పేరు, వెనక నా పేరు. అవతలివాళ్లకు ముందున్న పేరే కనబడుతుంది కాబోలు, "ఓంప్రకాశ్ చెయ్యి బంగారమే" అంటారు ఇంటికొచ్చిన షావుకార్లు. ఆయన నవ్వుతాడు. నేను వాళ్లకు చాయ్ పోసి లోపలికి పోతాను. ఒక్కసారైనా "గీసేది మా ఆమె" అంటాడేమోనని తలుపు పక్కన నిలబడి విన్న రోజులున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఈ రోజు ఆయన నూలు కోసం కరీంనగర్ పోయాడు. కుక్కర్ పెట్టి వచ్చి కూర్చున్నాను. చెయ్యి పెట్టొద్దన్న దాంట్లోనే పెట్టాను. పైన వ్యూ అని ఉంది. నొక్కితే అక్షరాల సైజు అక్కడే దొరికింది. రెండు నిమిషాల పని! మూడు నెలలు ఏడిపించాడు. అక్షరాలు పెద్దవి చేశాను. ఫైలు ఎంత బరువుందో చెప్పే వరస నాకెందుకు, తీసేశాను. ఎవరు పంపారన్న వరసను వెడల్పు చేశాను. సరదాగా అనిపించింది, నా వంటింట్లో డబ్బాలు నాకు అందే ఎత్తులో సర్దుకున్నట్టు. అంతలో కింద ఒక చిన్న గుర్తు కనబడింది. చదవనివి మాత్రమే చూపించు, అని దాని మీద టిక్ పెట్టి ఉంది. తీసేశాను.

పదకొండు మెయిళ్లున్న ఇన్‌బాక్స్ పద్నాలుగు వందల మెయిళ్లయింది.

మా ఇంట్లో పేపరుకో పద్ధతుంది. ముందు మా మామ లచ్చయ్య చదవాలి, తర్వాత ఓంప్రకాశ్, అవి విడివిడి కాగితాలయ్యాక అలమారాలో పరచడానికి నా చేతికొస్తాయి. కొత్తలో ఒకరోజు నేను ముందు విప్పితే అత్తమ్మ కమలవ్వ "మొగోళ్లు సూడకముందే నీకేం పనే పేపర్ల?" అంది. మెయిల్‌కూ అదే పద్ధతని ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. పొద్దున ఆయన చాయ్ తాగుతూ ఫోన్‌లో తనకు కావలసినవి తెరిచి చదువుతాడు. చదివినవి నాకు కనబడకుండా మాయమవుతాయి. ఆయన తెరవకుండా వదిలేసినవి మాత్రం లావు అక్షరాల్లో నా కోసం మిగులుతాయి. ఆ పదకొండూ చూశాను. అంచు సగం అంగుళం పెంచండి. నెమలి తోక తగ్గించండి. ఫైలు తెరుచుకోవట్లేదు, మళ్లీ పంపండి. అన్నీ చాకిరీయే. మనుషులు మనిషికి రాసినవన్నీ సన్న అక్షరాల్లోకి పోయాయి.

ఆ సన్నవాటిలో మమతారాణి మేడం పేరు కనబడింది. పెళ్లికి ముందు కరీంనగర్‌లో నాకు డిజైన్ నేర్పింది ఆమే. ఒకే విషయం మీద నడిచిన ఉత్తరాలను ఒక్కచోట పేర్చి చూపే ఏర్పాటు కూడా వ్యూలోనే ఉంటే, అదీ నొక్కాను. మూడు ఉత్తరాలు ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడ్డాయి.

"పద్మలతా, దుకాణంలో ఒక చీర చూశాను. మామిడిపిందె తోకను ఎడమకు తిప్పేది నువ్వొక్కదానివే. ఈ ఐడీ ఆ దుకాణంవాళ్లే ఇచ్చారు. మా శిక్షణ కేంద్రంలో ఆడపిల్లలకు డిజైన్ నేర్పుతావా? సోమవారం, బుధవారం వస్తే చాలు."

దాని కింద జవాబు. "మేడం, ఇంటి బాధ్యతల వల్ల రాలేను. క్షమించండి. మీ పద్మలత."

నేను రాయలేదు. ఆ ముక్క నేను రాయలేదు! నా పేరు పెట్టి, నా గొంతుతో, నా బదులు క్షమాపణ కూడా చెప్పేశాడు.

మూడోది మేడం రాసింది. "నీ ఇష్టం. అయినా ఈ శుక్రవారం దాకా ఇంకెవరినీ తీసుకోను."

ఈ రోజు గురువారం. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో నాకు తెలియదు. అన్నం మాడిన వాసన వస్తుంటే లేచి స్టవ్ ఆపి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. మేడం మొదటి ఉత్తరాన్ని చదవనిదిగా గుర్తు పెట్టాను. అది లావు అక్షరాల్లోకి మారింది. అప్పుడు తెరిచి, నా పేరుతో వచ్చిన ఉత్తరాన్ని నేనే ముందుగా చదువుతున్నట్టు మొదటి నుంచి చదువుకున్నాను. కోపంతోనూ సంతోషంతోనూ ఏడుపొచ్చింది. తర్వాత జవాబు రాశాను. "మేడం, ఇంతకుముందు వచ్చిన జవాబు నాది కాదు. సోమవారం వస్తున్నాను." పంపేసి, పాస్‌వర్డ్ మార్చాను. కంప్యూటర్ మాత్రం కట్టెయ్యలేదు.

మూడింటికి ఓంప్రకాశ్ వచ్చాడు. నూలు మూట దించి స్క్రీన్ చూసి ఆగిపోయాడు.

"గిదేంది, గిట్ల మార్చినవ్? మునుపటి లెక్క చెయ్యి."

"చెయ్య. మేడంకు నా పేరుతోటి ఎవరు రాసిండ్రు?"

కాసేపు నూలు దారం వేలికి చుట్టుకున్నాడు. "నేనే రాసిన. నువ్వు పరేషాన్ అయితవని. వారానికి రెండు రోజులు పోతే ఇల్లెట్ల? తప్పేం రాయలే కదా."

"పరేషాన్ అయితనో కానో నన్నడిగినవా?"

లోపలి నుంచి అత్తమ్మ, "ఏందే గా లొల్లి? ఆయనతోటి గట్ల మాట్లాడుతరా?" అంది. జవాబు చెప్పలేదు. పేపరు ముట్టుకున్న రోజు కూడా ఆమెకు జవాబు చెప్పలేదు, కానీ ఆ రోజు భయం వల్ల.

"నేను వస్తున్న అని రాసిన" అన్నాను. "సోమారం ఏడున్నర బస్సుకు పోత."

ఓంప్రకాశ్ ముఖం ఎర్రబడింది. "మరి సోమారం, బుధారం గీ బార్డర్లెవరు గీస్తరు? నాకు వస్తదా?"

పన్నెండేళ్లుగా తలుపు పక్కన నిలబడి నేను వినాలనుకున్న మాట, కోపంలో ఆయన నోటి నుంచే వచ్చింది. నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

"రాకుంటే నేర్చుకో. క్లాసుకు నువ్వు గూడ రా, నేనే నేర్పుత. క్లాసుల చేరే దరఖాస్తుల పేరు మాత్రం నీ చేత్తోటి నువ్వే రాసుకోవాలె. నీ పేరు నేను రాయ."